పనివేళ బుగ్గన పెట్టే వక్క

అంబాజీపేటలో కొబ్బరికాయలు వలిచేవారినో, రావులపాలెం యార్డులో రాత్రంతా అరటి గెలలు ఎత్తేవారినో అడిగితే, వక్క పడితేగానీ చెయ్యి ఆడదంటారు. అది అబద్ధం కాదు. వక్కలోని అరెకోలిన్ నాడులను తట్టి లేపుతుంది. ఒళ్లు వెచ్చబడుతుంది, నిద్ర పారిపోతుంది, ఆకలి మందగిస్తుంది. అందుకే ఊరికే మానెయ్యమంటే ఎవరూ మానరు. బుగ్గలో ఏం జరుగుతుందో తెలియాలి.

బుగ్గ లోపలి పొరలో పాత కణాలు రాలిపోతూ కొత్తవి పుడుతుంటాయి. కణం రెండుగా చీలేటప్పుడు జన్యుపదార్థం సరిసమానంగా పంచుకోవాలి. వక్కకు సున్నం తోడైతే చురుకైన ఆక్సిజన్ అణువులు పుట్టి డీఎన్‌ఏను తెంపుతాయి. తెగిన ముక్క పంపకంలో వెనకబడి, కణంలో ఓ మూల చిన్న ఉండలా మిగిలిపోతుంది. దాన్నే మైక్రోన్యూక్లియస్ అంటారు. జన్యుపదార్థం దెబ్బతింది, క్యాన్సర్ ముప్పు ఉందనడానికి అది ఓ గుర్తు. వక్క నమిలేవారి బుగ్గ నుంచి గీకి తీసిన కణాల్లో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. యెమెన్, ఇథియోపియాల్లో నమిలే ఖాత్ ఆకు విషయంలోనూ ఇదే తేలింది. రాజోలు వైపు నుంచి గల్ఫ్ వెళ్లేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి: సౌదీ, ఎమిరేట్స్‌లో ఖాత్ నేరం. తోటివాడు ఇచ్చాడని తీసుకోవద్దు.

"నేను వేసేది వట్టి వక్కపొడే, పొగాకు లేదుగా" అని ధీమాగా ఉండేవారు చాలామంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే పొగాకు కలపని తాంబూలాన్నీ, వక్కనూ క్యాన్సర్ కారకాలుగా తేల్చింది. ఎప్పుడో పేరంటంలో వేసుకునే తాంబూలం గురించి కాదు నా బెంగ. పొద్దున్నుంచి రాత్రిదాకా బుగ్గ ఖాళీ లేకుండా ఏళ్ల తరబడి నమిలే అలవాటు గురించి.

రేపు పళ్లు తోముకున్నాక అద్దం ముందు నోరు తెరిచి, మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పెట్టి చూడండి. పట్టకపోయినా, పచ్చడి మెతుకు మంట పుట్టించినా, బుగ్గ లోపల తెల్లబడి గట్టిపడినా, అది బుగ్గ బిగుసుకుపోయే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ జబ్బు కావచ్చు. బిగుసుకున్న బుగ్గ మళ్లీ మునుపటిలా మెత్తబడటం కష్టం. కానీ వక్క మానితే క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది. అమలాపురం ఏరియా ఆసుపత్రిలోనో, అక్కడి కిమ్స్ ఆసుపత్రిలోనో నోరు చూపించుకోండి. మానని పుండు ఉంటే రెండు వారాలకు మించి ఆగొద్దు.

మానడానికి ముందు ఏ వేళల్లో చెయ్యి జేబులోకి పోతోందో కనిపెట్టండి. చాలామందికి అది భోజనం కాగానే, అర్ధరాత్రి లోడింగప్పుడు. ఆ వేళకు వేయించిన శనగలో, సోంపో దగ్గర పెట్టుకోండి. లారీ నడిపేవారికి నిద్ర వస్తే బండి పక్కకు ఆపి ఇరవై నిమిషాలు కునుకు తీయడమే మందు. ఇంకా అలవాటు లేనివారు మొదలుపెట్టనే వద్దు: కొత్తగా వక్క వేసేవారికి చెమటలు పట్టి కళ్లు తిరగడం మామూలే. కొబ్బరి దింపు కార్మికుడికి చెట్టు మీద అలా జరిగితే ప్రాణం పోవచ్చు. ఖైనీ, గుట్కా అలవాటున్నవారికి మానిన మొదటి రోజుల్లో చిరాకు, తలనొప్పి తప్పవు. పొగాకు మానడానికి 1800-11-2356కి ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు.

మేస్త్రీలకు ఒక విన్నపం: కూలీలకు టీతోపాటు వక్కపొడి ప్యాకెట్లు పంచడం మానండి. ఆ డబ్బుతో మజ్జిగ పోయించండి.