కొండమీద బలవంతుడెవడు?



మన యౌవనస్థులు అనేకులు చదువునకును, ఉద్యోగమునకును, స్వచ్ఛంద సేవకును విదేశములకు వెళ్లుచున్నారు. సెలవులలో తోటివారితో కలిసి పర్వతములు ఎక్కుచున్నారు. గనుక అట్టి యాత్రకు ముందుగా తెలిసికొనవలసిన సంగతులను ఈ పాఠములో నేర్చుకొందము.

1. దారి ఎటువంటిది?

టాంజానియాలోని కిలిమంజారో ఆఫ్రికా ఖండమంతటిలో ఎత్తైన పర్వతము. దాని ఎత్తు 5,895 మీటర్లు. దాని పాదముననున్న మోషీ పట్టణములో మేము స్వచ్ఛందముగా పాఠములు చెప్పుచున్న కాలమున, తోటి ఉపాధ్యాయులము ఆరుగురము కలిసి మరంగు దారిన ఆరు దినముల యాత్రకు బయలుదేరితిమి. ఈ దారిలో మూడు బసలు కలవు: మండారా 2,720 మీటర్లు, హోరొంబో 3,720, కిబో సుమారు 4,700. మొదట దట్టమైన అడవి, తరువాత పొదల నేల, ఆపైన రాతి ఎడారి. కిబోనుండి నడిరేయి లేచి, గడ్డకట్టు చలిలో శిఖరమునకు ఎక్కవలెను.

2. ఊపిరి ఎందుకు చాలదు?

పైకి పోయినకొలది గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు, గాలి ఒత్తిడి తగ్గును. శిఖరముపై అది సముద్రమట్టమున ఉన్నదానిలో దాదాపు సగమే. దేహము ఇందుకు అలవాటుపడుటకు దినములు పట్టును. 3,000 మీటర్లు దాటిన పిమ్మట, నిద్రించు చోటును దినమునకు 500 మీటర్లకంటె ఎక్కువ పెంచరాదని వైద్యులు చెప్పుదురు. ఈ దారిలోనో బసకు బసకు నడుమ 1,000 మీటర్లున్నది. అందుచేత మేము హోరొంబోలో ఒక దినము అదనముగా నిలిచి, పగలు కొంత పైకెక్కి, రాత్రికి దిగివచ్చి పండుకొంటిమి. దారి చూపువారు మాటిమాటికి "పోలె పోలె" అనుచుండిరి. స్వాహిలి భాషలో మెల్లగా, మెల్లగా అని అర్థము.

3. ఎప్పుడు దిగవలెను?

మాలో అందరికంటె దృఢకాయుడైన యువకునికి కిబోలో తలనొప్పియు వాంతులును పట్టుకొనెను. సాయంకాలమునకు నడక తూలెను. దారి చూపువాడు నేలమీద గీత గీచి, మడమకు వ్రేళ్లు తగులునట్లు దానివెంట నడువుమనెను. అతడు నడువలేకపోయెను.

నడక తూలుట, మాట తడబడుట మెదడు వాచుచున్నదనుటకు గురుతులు. కదలక కూర్చున్నను ఆయాసపడుట ఊపిరితిత్తులలో నీరు చేరుచున్నదనుటకు గురుతు. తడవు చేసినయెడల ప్రాణము పోవును. వెంటనే క్రిందికి దించుటయే మొదటి చికిత్స.

"ఒక్క రాత్రియే గదా, ఓర్చుకొందును" అని అతడు బతిమాలెను. శిఖరము ఎదుటనే కనబడుచుండెను. అయినను ఒంటి చక్రపు బండిపై అతని పరుండబెట్టి, మాలో ఇద్దరము వెంట దిగితిమి. మిగిలిన ముగ్గురు శిఖరము చేరిరి. తెల్లవారునప్పటికి అతడు హోరొంబోలో గంజి త్రాగి, తిన్నగా నడిచెను.

4. మనము నేర్చుకొనవలసినది

కండబలము ఈ జబ్బును ఆపదు. బలము గలవాడు త్వరపడును గనుక అతనికే అపాయము ఎక్కువ. తలనొప్పిని దాచరాదు. జబ్బుపడినవానిని ఒంటరిగా పంపరాదు. ఎవరికి గురుతులు కనబడినను దింపెదమని బయలుదేరక మునుపే అందరు ఒప్పుకొనవలెను. పైన, అలసిన తలతో, ఆ తీర్మానము చేయుట కష్టము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. హోరొంబోలో ఒక దినము ఎందుకు నిలువవలెను?
2. వెంటనే దిగవలెనని తెలుపు గురుతులు ఏవి?
3. మీ పిల్లలు ఇట్టి యాత్రకు వెళ్లునప్పుడు, శిఖరము చేరకపోయినను సంతోషింతుమని వారితో ముందుగా చెప్పితిరా?