ఆరోగ్యశ్రీలో అన్నవాహిక, కడుపు క్యాన్సర్ చికిత్స: అన్నం దిగుతోందని ఆపరేషన్ మానుకోవద్దు

మీ ఇంట్లో ఎవరైనా ముద్ద దిగక నీళ్లతో మింగుతున్నారా? బరువు తగ్గడం, వాంతులు, మలం నల్లగా రావడం ఉన్నాయా? గ్యాస్ బిళ్లలతో రోజులు గడపకండి. ఎండోస్కోపీ చేయించండి. అనుమానం ఉంటే అక్కడే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు.

చికిత్సలో ఏం మారింది?
ఒకప్పుడు జబ్బు తేలగానే నేరుగా ఆపరేషన్ చేసేవారు. ఇప్పుడు గడ్డ కొంత ముదిరితే ముందు మందులు, ఆ తర్వాతే ఆపరేషన్.
• అన్నవాహికకు: చాలామందికి కీమోతో పాటు సుమారు 5 వారాలు రేడియేషన్ (కరెంటు పెట్టడం).
• కడుపుకు: కొన్ని కీమోలు ఆపరేషన్‌కు ముందు, మిగతావి తర్వాత.
వీలున్నచోట పెద్ద కోత లేకుండా చిన్న రంధ్రాలతోనూ ఆపరేషన్ చేస్తున్నారు.

చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు
కొన్ని కీమోలకే గడ్డ తగ్గి అన్నం దిగవచ్చు. "నయమైంది కదా, ఇంకా కోత ఎందుకు?" అని ఆసుపత్రికి వెళ్లడం మానేస్తారు. లోపల మిగిలిన జబ్బు మళ్లీ పెరిగితే అప్పుడు ఆపరేషన్‌కు వీలుండకపోవచ్చు. మందులు ముగిశాక సాధారణంగా 4 నుంచి 8 వారాల్లో ఆపరేషన్ చేస్తారు. అక్కర్లేదని డాక్టరు గారే చెబితే తప్ప ఆ తేదీ తప్పొద్దు.

ఈలోగా మీరు చేయాల్సింది
1. బీడీ, సిగరెట్, గుట్కా, మందు పూర్తిగా మానాలి.
2. గుడ్డు, పప్పు, పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు ఇవ్వండి. అసలు దిగకపోతే డాక్టరును అడగండి, గొట్టం ద్వారా ఆహారం ఇస్తారు.
3. మూడు బంతుల పరికరంతో ఊపిరి సాధన రోజూ చేయించండి. ఆపరేషన్ తర్వాత నిమ్ము రాకుండా ఇది కాపాడుతుంది.

ఆపరేషన్ తర్వాత
రోజుకు 6 నుంచి 8 సార్లు కొద్దికొద్దిగా తినాలి. తిన్న వెంటనే పడుకోకూడదు. కడుపు మొత్తం తీసేస్తే బి12 ఇంజెక్షన్లు జీవితాంతం వేయించుకోవాలి.

కార్డు సంగతి
తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలు. ఆహార భద్రత కార్డు, ఆధార్, పాత రిపోర్టులు తీసుకుని నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి. కీమోకు అనుమతి వచ్చిందంటే ఆపరేషన్‌కూ వచ్చినట్టు కాదు. "తర్వాతి దశకు అనుమతి పెట్టారా?" అని ముందే అడగండి. డబ్బు కట్టమన్నా, సందేహం వచ్చినా 104కు ఫోన్ చేయండి.