ప్రాజెక్టు మునుగుతున్నప్పుడు ఎవరి పక్షాన ఉండాలి?

డెడ్‌లైన్ దాటిపోయిందనో, క్లయింట్ నుంచి ఎస్కలేషన్ వచ్చిందనో తెలియగానే ఆఫీసు వాతావరణం మారిపోతుంది. నిన్నటిదాకా కలిసి క్యాంటీన్‌కు వెళ్లినవాళ్లు విడివిడిగా మీటింగ్ రూముల్లో కనిపిస్తారు. ఇద్దరు కూర్చుని తేల్చుకోదగ్గ విషయానికి కూడా పది మందిని సీసీలో పెట్టి మెయిళ్లు నడుస్తాయి. డెవలపర్లు ఒక మాట, టెస్టింగ్ వాళ్లు ఒక మాట, మేనేజర్ మరో మాట చెబుతారు. ఏడాదో రెండేళ్లో అనుభవం ఉన్న ఉద్యోగిని అప్పుడు వేధించే ప్రశ్న: ఇందులో నేను ఎవరి పక్షాన ఉండాలి? సీనియర్ల దగ్గర దీనికి రెండు సలహాలు సిద్ధంగా ఉంటాయి. నోరు మూసుకుని నీ పని నువ్వు చూసుకో అనేది ఒకటి, ఎవరిది పైచేయి అవుతుందో కనిపెట్టి వాళ్ల వెంట ఉండు అనేది రెండోది. రెండూ క్షేమంగానే అనిపిస్తాయి, కానీ రెండూ ముంచేవే. సంక్షోభంలో అందరికీ కావాల్సింది, ఎవరికీ సరిగ్గా దొరకనిది నమ్మదగిన సమాచారం. దాన్ని సకాలంలో, రాతలో, ఎవరినీ నిందించకుండా ఇవ్వగలిగినవారికి ఏ వర్గం అండ కన్నా అదే గట్టి రక్షణ.

రాజకీయం ఎక్కడ పుడుతుంది?

ఆఫీసు రాజకీయాలను చెడ్డవాళ్ల పనిగా చూడటం మనకు అలవాటు. పెద్ద ప్రాజెక్టుల చరిత్ర చూస్తే మాత్రం, ఎవరికి ఏం తెలుసో స్పష్టంగా లేనిచోట మంచివాళ్లు కూడా తప్పు పక్కవారి మీదికి నెట్టడం కనిపిస్తుంది. అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం 2013 అక్టోబరు 1న ప్రారంభించిన హెల్త్‌కేర్ డాట్ గవ్ ఇందుకు బాగా నమోదైన ఉదాహరణ. లక్షల మంది ప్రయత్నించిన ఆ వెబ్‌సైట్‌లో మొదటి రోజు బీమాలో చేరగలిగింది ఆరుగురేనని తర్వాత బయటపడిన సమావేశ నోట్స్‌లో ఉంది. అదే నెల 24న అమెరికా చట్టసభ కాంగ్రెస్ కమిటీ ముందుకు వచ్చిన కాంట్రాక్టు సంస్థలు ఎవరి భాగం వాళ్లు బాగానే చేశామన్నాయి. ఒక సంస్థ మొదటి ఇబ్బందికి మరో సంస్థ చేసిన ఖాతాల నమోదు విభాగాన్ని కారణంగా చూపింది. మొత్తం వ్యవస్థను కలిపి పరీక్షించడానికి చివరి రెండు వారాలే దక్కాయని ఆ రెండు సంస్థలూ ఒప్పుకున్నాయి. పరీక్షలకు సమయం చాలదని, తుది నిర్ణయాధికారం ఎవరిదో స్పష్టత లేదని హెచ్చరించే సమీక్ష ఒకటి అంతకు ఆరు నెలల ముందే తయారైంది. ప్రాజెక్టును రోజూ నడిపిన సాంకేతిక అధికారి ఆ నివేదికను తాను చూడనేలేదని కమిటీకి చెప్పారు. సమాచారం ఉంది, చేరాల్సిన చోటికి చేరలేదు. నిందలు ఆ ఖాళీలోనే పుట్టాయి.

ఆ వెబ్‌సైట్‌ను నిలబెట్టిన తీరు కూడా ఇదే సంగతి చెబుతుంది. గూగుల్ నుంచి సెలవు పెట్టి వచ్చిన మైకీ డికర్సన్ అనే ఇంజినీరు వార్‌రూమ్‌లో కొన్ని నియమాలు పెట్టారు. ఈ సమావేశాలు సమస్య తీర్చడానికే, తప్పు ఎవరిదో తేల్చడానికి కాదు. హోదా ఎక్కువున్నవారు కాకుండా, ఆ విషయం బాగా తెలిసినవారు మాట్లాడాలి. రాబోయే ఒకటి రెండు రోజుల్లో దెబ్బతీసే సమస్యల మీదే దృష్టి పెట్టాలి. అక్కడ అవే సంస్థలు, దాదాపు అవే మనుషులు పనిచేశారు. రెండు నెలల్లో సైట్ చాలామందికి పనిచేసే స్థితికి వచ్చింది. 2014 ఏప్రిల్ నాటికి, రాష్ట్రాల సొంత సైట్లతో కలిపి, 80 లక్షల మంది బీమాలో చేరారు. మనుషులు పెద్దగా మారకుండానే, సమాచారం నడిచే దారి మారేసరికి వాళ్ల తీరు మారింది.

హార్వర్డ్ ఆచార్యురాలు అమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో చేసిన పరిశోధన దీనికి మరో ఆధారం. మంచి నాయకత్వం ఉన్న నర్సింగ్ బృందాల్లో మందుల విషయంలో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె అనుకున్నారు. లెక్క చూస్తే అక్కడే ఎక్కువ నమోదయ్యాయి. ఆ బృందాలు తప్పులు ఎక్కువ చేస్తున్నాయని కాదు, దాచకుండా చెబుతున్నాయన్న నిర్ధారణకు ఆమె వచ్చారు. మన ఐటీ కంపెనీల్లో దీనికి ఎదురు చిత్రం తరచూ కనిపిస్తుంది. క్లయింట్‌కు వెళ్లే వారపు రిపోర్టులో అన్నీ గ్రీన్‌లోనే ఉంటాయి, లోపల పని సగం కూడా కాదు. పైకి పచ్చగా, కోస్తే ఎర్రగా ఉండే ఇలాంటి రిపోర్టును పుచ్చకాయ స్టేటస్ అంటారు. అది కోతకు వచ్చే రోజే ఎస్కలేషన్. గ్రీన్ అని ఎవరు రాశారు, ఎవరు చెబితే రాశారు అన్న వెతుకులాట ఆ రోజే మొదలవుతుంది.

చేతల్లో ఎలా ఉంటుంది?

నిజం చెప్పడమంటే మీటింగ్‌లో లేచి ధైర్యంగా ప్రసంగించడం కాదు. ఎక్కువగా అది ఐదు వాక్యాల మెయిల్. ‘బ్యాంకు టీమ్ సహకరించడం లేదు, అందుకే ఆలస్యం’ అని రాస్తే అది ఫిర్యాదు, అవతలివారిని యుద్ధానికి పిలుస్తుంది. అదే విషయం ఇలా రాయొచ్చు: ‘పేమెంట్ టెస్టింగ్ ఈ శుక్రవారం పూర్తి కావాలి. టెస్ట్ ఖాతాల వివరాలు బ్యాంకును సోమవారం అడిగాం, ఇంకా రాలేదు. బుధవారం మధ్యాహ్నంలోగా వస్తే శుక్రవారానికి అవుతుంది, రాకపోతే వచ్చే మంగళవారం పడుతుంది. ఈలోగా రీఫండ్ భాగం పరీక్షిస్తున్నాం. గడువు మార్చాలా, ఈ భాగాన్ని తర్వాతి రిలీజ్‌కు జరపాలా అన్నది రేపటిలోగా చెప్పగలరు.’ ఇందులో తేదీలు ఉన్నాయి, ప్రభావం ఉంది, చేస్తున్న పని ఉంది, పైవారు తీసుకోవాల్సిన నిర్ణయం ఉంది. నింద లేదు. ఏ వర్గంవారు చదివినా కాదనలేరు, ఆరు నెలల తర్వాత తీసి చూసినా నిలబడుతుంది. పంపే ముందు ఆ సంగతి లీడ్‌కు నోటితో చెప్పండి. అందరి ముందు తెల్లబోయేలా చేస్తే, ఎంత నిజం చెప్పినా ఆయన మనసులో మీరు శత్రువే అవుతారు. పొరపాటు మీదైతే ఇతరులు కనిపెట్టేదాకా ఆగకండి. ఏం జరిగింది, ఎంతవరకు పాకింది, ఎలా సరిచేస్తున్నారు అన్న మూడూ మీరే ముందు చెప్పండి. ఫలానావారి వల్లే అంతా అని ఎవరైనా మిమ్మల్ని కలుపుకోబోతే, మీకు తెలిసినంతవరకే చెప్పి ఆపండి.

అభ్యంతరాలకు జవాబు

నిజం చెప్పినవారే నష్టపోతారన్నది మొదటి అభ్యంతరం. ఇది తోసిపుచ్చదగ్గది కాదు. 1986 జనవరి 28న ఛాలెంజర్ స్పేస్ షటిల్ పేలి ఏడుగురు మరణించారు. చలికి రాకెట్ సీళ్లు పనిచేయకపోవచ్చని ముందురోజు రాత్రే ఆ రాకెట్ తయారీ సంస్థ ఇంజినీర్లు వాదించారు. వారిలో ఒకరైన రోజర్ బోయిజొలీ ఈ ప్రమాదం గురించి 1985 జులైలోనే లేఖ రాశారు. ప్రయోగానికి అనుమతి పత్రం మీద అదే సంస్థకు చెందిన అలన్ మెక్‌డొనాల్డ్ సంతకం చేయలేదు. విచారణలో నిజం చెప్పాక ఇద్దరూ సంస్థలో వెలివేతకు గురయ్యారు. ఆ బాధ నిజమే. కానీ అమెరికా కాంగ్రెస్ జోక్యంతో మెక్‌డొనాల్డ్‌కు హోదా తిరిగి దక్కింది, అదే రాకెట్ కీలును మళ్లీ రూపొందించే పనికి ఆయనే నాయకత్వం వహించారు. విచారణలో బోయిజొలీ పాత లేఖ తిరుగులేని సాక్ష్యమైంది. ముందుగా, రాతలో చెప్పిన మాటకు ఆ బలం ఉంటుంది. సాధారణ ఆలస్యాల్లో ఇంత మూల్యం ఉండదు. టెస్టు ఫలితాలు మార్చి రాయమనో, చేయని పనికి సంతకం పెట్టమనో అడిగితే మాత్రం అది రాజకీయం దాటిపోయింది. అక్కడ సర్దుకుపోవడమే ఎక్కువ ప్రమాదం.

అన్నీ రాసిపెట్టుకుంటే బాస్ మీద ఆధారాలు పోగుచేస్తున్నామనుకుంటారు కదా అన్నది రెండోది. గొడవ మొదలయ్యాక రాయడం మొదలుపెడితే అనుకుంటారు. మొదటి వారం నుంచీ రాస్తుంటే అది మీ పని పద్ధతి. రాసింది ముందు లీడ్‌కే చేరుతున్నప్పుడు అనుమానానికి తావు తక్కువ. ఆఫీసు మెయిళ్లను సొంత ఖాతాకు పంపుకోవడం మాత్రం వద్దు. చాలా సంస్థల్లో అది నియమ ఉల్లంఘన, న్యాయం మీవైపున్నా మిమ్మల్నే దోషిగా నిలబెడుతుంది.

బలహీన స్థితిలో ఉన్నవారికి ఇది కుదరదన్నది మూడోది. ఇంటి రుణం ఈఎంఐ, బెంచ్ భయం, కాంట్రాక్టు ఉద్యోగం, అమెరికాలోనైతే ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువే ఇచ్చే హెచ్1బీ వీసా. ఈ ఒత్తిళ్లను తేలిగ్గా తీసేయలేం. అయితే బలహీనుడికి వర్గమే ఎక్కువ ప్రమాదం. ప్రాజెక్టు గట్టెక్కినా మునిగినా మేనేజర్లు మారతారు, ఒకరిని నమ్ముకున్న ఉద్యోగి వాళ్లతోపాటే మునుగుతాడు. మాట నిలకడ ఉన్న మనిషన్న పేరు నాలుగు టీముల్లో ఉంటే తర్వాతి ప్రాజెక్టుకు అదే దారి చూపుతుంది. పదేపదే చెప్పినా లీడ్ వినకపోతే ఆయన పై అధికారితో మాట్లాడటం, టీమ్ మారడం, వేరే ఉద్యోగం వెతుక్కోవడం కూడా గౌరవమైన దారులే.

పైవారి బాధ్యత ఎలా ఉండాలో మన శ్రీహరికోట చూపింది. 1979 ఆగస్టు 10న తొలి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయినప్పుడు ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాంను పత్రికల ముందుకు నెట్టకుండా, ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ తానే బాధ్యత తీసుకున్నారు. లోపల విచారణ కఠినంగానే సాగింది, రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం లీకైందని తేలింది. 1980 జులై 18న విజయం వచ్చినప్పుడు విలేకరుల ముందుకు ధవన్ కలాంనే పంపారు. అలాంటి పెద్దలు అందరికీ దొరకరు. కానీ నేటి జూనియర్ రేపటి లీడ్, ఈ పద్ధతిని నేర్చుకోవాల్సింది ఇప్పుడే.

విద్యార్థులు ఫైనలియర్ ప్రాజెక్టు నుంచే మొదలుపెట్టొచ్చు. ఎవరు ఏం చేయాలి, ఏది ఆగింది, ఎందుకు ఆగింది అని వారానికో పేజీ రాసి బృందమంతా చూసేలా పెట్టండి. టీమ్‌లో గొడవ వస్తే ఏం చేశారని ఇంటర్వ్యూలో అడుగుతారు. అప్పుడు ఎవరి మీదా చాడీలు లేకుండా జరిగింది జరిగినట్టు చెప్పగలగడమే సగం జవాబు. సంక్షోభం వచ్చాక నమ్మకం సంపాదించుకునే వ్యవధి ఎవరికీ ఉండదు. కొత్త ఉద్యోగంలో పంపే మొదటి స్టేటస్ మెయిల్‌లో ఉన్నది ఉన్నట్టు రాయండి. గడ్డు రోజున మీ మాటను పట్టించుకునేలా చేసేది ఆ అలవాటే.