ఆర్కిటిక్ మట్టి మీద ప్రాజెక్ట్ దొరికితే

ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవులకు వెళ్లే ఛాన్స్ వచ్చిందనగానే మన జూనియర్లు ముందు అడిగేది జాకెట్ గురించి. జాకెట్ అద్దెకైనా దొరుకుతుంది. ప్రాజెక్టులు మునిగేది వేరే చోట.

బారెంట్స్‌బర్గ్ సంగతి చూడండి. స్వాల్‌బార్డ్‌లో రష్యన్ల బొగ్గు గనుల ఊరు. ఒకప్పుడు అక్కడ ఆవుల్ని పెంచారు, గ్రీన్‌హౌస్‌లో కూరగాయలు పండించారు. దానికి కావలసిన మట్టి దక్షిణాన ఉన్న ప్రధాన భూభాగం నుంచి ఓడలో వచ్చింది. పాడుబడిన ఆవుల కొట్టాల దగ్గరి ఆ మట్టిని పరిశోధకుడు స్టీఫెన్ కూల్సన్ బృందం జల్లెడ పట్టి 2013లో ఫలితాలు ప్రచురించింది. గుర్తించిన 46 అకశేరుక జాతుల్లో 11 స్వాల్‌బార్డ్‌లో అంతకుముందు ఇంకెక్కడా నమోదు కానివి. ఇలాంటి పని మనమూ చేద్దామనిపించడం సహజమే. పేపర్ కావాలి, ఫెలోషిప్ రెన్యూవల్ దగ్గర పడుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది డిజైన్‌లోనే. ఒక కొట్టం దగ్గర ముప్ఫై కోర్లు, బయట టండ్రాలో ముప్ఫై కోర్లు తీసి, చెరో ముప్ఫై రెప్లికేట్లు అని రాస్తారు. రివ్యూయర్ దృష్టిలో అది ఒక కొట్టం, ఒక టండ్రా ముక్క, అంతే. కోర్లు తగ్గించుకుని సైట్లు పెంచండి: గ్రీన్‌హౌస్ మట్టి పారబోసిన చోటు, రోడ్డు అంచు, మురుగు పారే వాలు. ఊరి నుంచి దూరం పెరిగేకొద్దీ ఏం మారుతోందో కూడా చూడండి. ఆ మట్టి ఎప్పుడు, ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియకపోతే డేటా సగం గుడ్డిదే. పాత ఫోటోలు, గని రికార్డులు వెతకడానికీ టైమ్ కేటాయించుకోండి.

రెండో దెబ్బ ఫన్నెల్ దగ్గర. స్ప్రింగ్‌టెయిల్స్, మైట్స్ కోసం టల్‌గ్రెన్ ఫన్నెల్ పెడతాం. పైన బల్బు వేడికి మట్టి ఆరుతుంటే పురుగులు కిందికి దిగి ఆల్కహాల్‌లో పడాలి. తొందరపడి వేడి ఒక్కసారిగా పెంచితే అవి దిగేలోపే మట్టిలోనే చస్తాయి. మీ లెక్కలో మాత్రం ‘లేవు’ అని పడుతుంది. ఎంకిట్రేయిడ్ పురుగులకు ఈ పద్ధతి పనికిరాదు, వాటికి నీళ్ల ఫన్నెల్ కావాలి. లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి. పైన పెన్నుతో రాస్తే ఆల్కహాల్ తగిలి చెరిగిపోతుంది.

మట్టిని ఇండియాకు మూటకట్టి తెచ్చుకుందామనుకోకండి. ప్లాంట్ క్వారంటైన్ రూల్స్ ప్రకారం పర్మిట్ లేకుండా మట్టి దేశంలోకి రాదు. ఎక్స్‌ట్రాక్షన్ అక్కడే ముగించుకోండి. ఆల్కహాల్ సీసాలకు విమానంలో ఉండే పరిమితులు ముందే కనుక్కోండి.

కాగితాల విషయం క్లుప్తంగా. స్వాల్‌బార్డ్‌కు వీసా అక్కర్లేదు గానీ అది షెంజెన్ బయట ఉంది. నార్వే మీదుగా వెళ్లి రావాలంటే డబుల్ ఎంట్రీ వీసా తీసుకోండి. ఫీల్డ్‌వర్క్‌కు స్వాల్‌బార్డ్ గవర్నర్ ఆఫీసు పర్మిషన్ ముందే చూసుకోండి. మన దేశపు పరిశోధనా కేంద్రం హిమాద్రి 2008 నుంచీ న్యూ-ఓలెసుండ్‌లో ఉంది, కానీ అక్కణ్నుంచి బారెంట్స్‌బర్గ్‌కు రోడ్డు లేదు. ఆ మాటకొస్తే న్యూ-ఓలెసుండ్ కూడా 1960ల మొదటి దాకా బొగ్గు ఊరే. కాబట్టి మనుషులు తిరగేసిన మట్టి కోసం బారెంట్స్‌బర్గే వెళ్లాలని లేదు. బూట్లు మాత్రం కడుక్కుని వెళ్లండి. పరాయి పురుగుల మీద పరిశోధనకు వెళ్లి మనమే ఇంకో రెండు దించి వస్తే ఎంత సిగ్గుచేటు!

రాతలో ‘ఆక్రమణ జాతి’ అనే మాటకు తొందరపడొద్దు. ఇంతవరకూ నమోదు కాలేదంటే ఓడలోనే వచ్చిందని కాదు, ఎవరూ వెతకలేదని కూడా కావచ్చు. మట్టితో వచ్చి ఉండొచ్చు, పశువుల మేతతో వచ్చి ఉండొచ్చు. ఊరు దాటి టండ్రాలోకి పాకిందని చూపించగలిగితేనే ఆ మాట వాడండి.

అసలు కాలం తినేది ఐడెంటిఫికేషన్. స్ప్రింగ్‌టెయిల్‌ను స్లైడ్ మీద పెట్టి వెంట్రుకల అమరిక చూసి తేల్చాలి. పిల్లపురుగులైతే చాలాసార్లు జాతి దాకా తేలనే తేలవు. ఫీల్డ్‌లో గడిపింది వారాలైతే మైక్రోస్కోప్ ముందు నెలలు గడుస్తాయి. ఈ సంగతి మీ గైడ్‌కు ప్రపోజల్ దశలోనే చెప్పండి. స్పెసిమెన్లు చూసిపెడతానని ఒక టాక్సానమిస్ట్ మెయిల్ రాసిచ్చాకే టికెట్ బుక్ చేయించండి.