ఉపాధ్యాయుని అమానత్

ఇస్లాం దృష్టిలో విద్య ఒక అమానత్. అల్లాహ్ నమ్మి అప్పగించిన సొత్తు కాబట్టి దాన్ని దాచుకునే హక్కు గానీ, పేరుప్రతిష్ఠలకు వాడుకునే హక్కు గానీ ఉపాధ్యాయుడికి లేదు. మహాప్రవక్త ముహమ్మద్ (స)పై అవతరించిన తొలి ఆయతులు (ఖుర్ఆన్ వాక్యాలు) చదవమనే ఆదేశంతో మొదలై, మనిషికి తెలియనిది కలం ద్వారా నేర్పినవాడు ప్రభువేనని చెబుతాయి. తాను బోధకుడిగా పంపబడ్డానని ప్రవక్త (స) చెప్పినట్టు హదీసుల్లో, అంటే ఆయన మాటలను, చేతలను తెలిపే కథనాల్లో, ఉంది. పండితులను ప్రవక్తల వారసులుగా పేర్కొన్నదీ హదీసులే. ఇంత ఎత్తున కూర్చోబెట్టిన ధర్మం జవాబుదారీని కూడా అంత కఠినంగానే పెట్టింది. పండితుడనిపించుకోవాలని విద్య నేర్చి, నేర్పినవాడు తీర్పుదినాన ముందుగా విచారణకు నిలబడే ముగ్గురిలో ఒకడని ‘సహీహ్ ముస్లిం’ సంకలనంలోని హదీసు హెచ్చరిస్తుంది.

అందుకే నియ్యత్‌ను, అంటే మనసులోని సంకల్పాన్ని, శుద్ధి చేసుకోవడం ఉపాధ్యాయుని తొలి బాధ్యత. ఈ మాటను స్వయంగా అనుభవించి చెప్పినవారు ఇమామ్ గజాలీ. ఇరాన్‌లోని తూస్‌లో 1058లో పుట్టిన ఆయన 1091లో బాగ్దాదు నిజామియా మదర్సాలో ఆచార్యులయ్యారు. ఆ రోజుల్లో అది పండితులు కలలుగనే పదవి. 300 మంది శిష్యులు, ఖలీఫా కొలువులో గౌరవం, అన్నీ ఉన్నాయి. నాలుగేళ్లకు ఆయన తన అంతరంగాన్ని తరచి చూసుకున్నారు. తన బోధనను నడిపిస్తున్నది దైవప్రీతి కాదని, కీర్తికాంక్ష అని తేలింది. వదిలేయాలా వద్దా అని దాదాపు ఆరు నెలలు ఊగిసలాడారు. చివరకు పాఠం చెప్పబోతే నోట మాట పెగల్లేదు, తిండి సయించలేదు. ఇది మనోవ్యాధి, మందులకు లొంగదని వైద్యులు చేతులెత్తేశారు. 1095లో కుటుంబానికి కావలసినంత ఉంచి, మిగిలింది పంచిపెట్టి, సిరియా దారి పట్టారు. 1106లో నిషాపూరులో మళ్లీ బోధన చేపట్టారు. మునుపు హోదా సంపాదించిపెట్టే విద్య చెప్పాననీ, ఇప్పుడు హోదాను వదులుకోవడం నేర్పే విద్య చెబుతున్నాననీ ఆత్మకథలో రాసుకున్నారు. ఆయన తిరిగి బోధనకే రావడం గమనించదగ్గది. మారవలసింది వృత్తి కాదని, దాని వెనకున్న ఉద్దేశమని ఆ జీవితమే చెబుతోంది.

జీతం విషయంలో ధర్మవేత్తలు ఒక్క మాట మీద లేరు. ఖుర్ఆన్ బోధనకు ప్రతిఫలం కూడదని తొలితరం హనఫీ ధర్మవేత్తలు అన్నారు. ఉపాధ్యాయుడికి జీవనాధారం లేకపోతే చదువే ఆగిపోతుందని తర్వాతివారు అనుమతించారు. ఈ సడలింపు న్యాయమైనదే. కడుపు నిండని గురువును త్యాగం పేరుతో పొగిడి ఊరుకోవడం సమాజానికి తగదు.

శిష్యుని పట్ల నడవడిలో అన్నిటికంటే సున్నితమైనది తప్పు దిద్దే పద్ధతి. ముఆవియా ఇబ్నె హకమ్ అనే సహాబీ (ప్రవక్త సహచరుడు) ఉదంతం ఇందుకు గొప్ప పాఠం. కొత్తగా ఇస్లాంలోకి వచ్చిన ఆయన ప్రవక్త (స) వెనక నమాజులో నిలబడ్డారు. పక్కన ఎవరో తుమ్మితే నమాజులోనే పైకి దీవించారు. చుట్టూ ఉన్నవాళ్లు గుర్రుగా చూశారు. ఎందుకలా చూస్తారని ఆయన అడిగితే, నోరు మూసుకోమన్నట్టు తొడలు చరుచుకున్నారు. నమాజు ముగిశాక ప్రవక్త (స) కసురుకోలేదు, కొట్టలేదు, తిట్టలేదు. నమాజులో లోకాభిరామాయణానికి చోటు లేదని, అది దైవస్మరణకూ ఖుర్ఆన్ పఠనానికీ కేటాయించిన సమయమని వివరించారు. అంతకు ముందుగానీ ఆ తర్వాతగానీ అంతటి ఉపాధ్యాయుణ్ణి చూడలేదని ఆ సహాబీ చెప్పుకున్నారు. గజాలీ ‘ఇహ్యా ఉలూముద్దీన్’లో దీన్నే నియమంగా చెప్పారు: శిష్యుణ్ణి కన్నబిడ్డలా చూడాలి, తప్పును వీలైనంతవరకు సూచనగానే తెలియజెప్పాలి. బాహాటంగా నిందిస్తే బిడియం పోయి మొండితనం పెరుగుతుందని ఆయన అభిప్రాయం. పదిమందిలో పరువు తీస్తే పిల్లలు దారికొస్తారనుకునే ఉపాధ్యాయులు నేటికీ ఉన్నారు. ఈ మాట వాళ్లు వినవలసింది.

బడి నిర్వహణలోని నైతికతను ఇంకా వివరంగా చూపేది ట్యునీసియాలోని ఖైరవాన్ నగరానికి చెందిన ఇబ్నె సహ్నూన్ (మ. 870) పుస్తకం ‘ఆదాబుల్ ముఅల్లిమీన్’. ఉపాధ్యాయుల ధర్మాలపై ముస్లిం ప్రపంచంలో వచ్చిన తొలి రచనల్లో ఇదొకటి. ధనికుల పిల్లలనూ పేదల పిల్లలనూ సమానంగా చూడాలి. కోపంలో ఉన్నప్పుడు దండించకూడదు. అవసరమై దండించినా తండ్రి అనుమతి లేకుండా మూడు దెబ్బలు దాటకూడదు. పిల్లలను సొంత పనులకు తిప్పుకోకూడదు. బడివేళల్లో జనాజాలకు (అంత్యక్రియలకు) వెళ్లడాన్ని కూడా ఈ పుస్తకం ఒప్పుకోదు. జనాజాకు వెళ్లడం పుణ్యకార్యమే, కానీ ఆ సమయం పిల్లలది. పలకల మీది ఖుర్ఆన్ వాక్యాలను శుభ్రమైన నీళ్లతో ఒక తొట్టిలో కడిగి, ఆ నీటిని తొక్కుడు పడకుండా గుంట తవ్వి పోసేవారన్న పాత ఆనవాయితీ కూడా ఇందులో కనిపిస్తుంది. భక్తి అంటే ఏమిటో పిల్లలు అలాంటి పనుల్లోనే చూసి నేర్చుకున్నారు.

చెప్పేదొకటి, చేసేదొకటిగా ఉండటాన్ని ఖుర్ఆన్ (61:2-3) తీవ్రంగా గర్హిస్తుంది. కర్ర వంకరైతే నీడా వంకరే. గురుశిష్యుల సంబంధాన్ని గజాలీ ఇలాగే చూశారు. తెలియనిది తెలియదని ఒప్పుకోవడం కూడా ఈ నిజాయితీలో భాగమే. మదీనా పండితులు ఇమామ్ మాలిక్ (మ. 795) దగ్గరికి ఒకాయన ఆరు నెలలు ప్రయాణించి ఒక ప్రశ్న తెచ్చాడని ప్రసిద్ధ కథనం. దానికి జవాబు తనకు తెలియదన్నారు మాలిక్. మావాళ్లకేం చెప్పమంటారని ఆ వచ్చినాయన అడిగితే, మాలిక్‌కు తెలియదని చెప్పమన్నారు.

శిష్యుడు పాఠం చెప్పగలిగే స్థాయికి చేరాక గురువు ఇచ్చే అనుమతి ఇజాజత్. అందులో గురువు పేరు, ఆయన గురువుల పేర్లు వరసగా ఉంటాయి. అర్హత లేనివాడికి ఇజాజత్ ఇస్తే ఆ గొలుసులోని వారందరికీ మచ్చ. పైగా, మనిషి చనిపోయినా ఆగకుండా పుణ్యం తెచ్చే మూడింటిలో ప్రయోజనకరమైన విద్య ఒకటని హదీసు. చెడ్డ దారి చూపినవాడికి, ఆ దారిన నడిచినవారి పాపంలోనూ వాటా ఉంటుందని మరో హదీసు చెబుతుంది. కాబట్టి ఉపాధ్యాయుని లెక్క ఆయన పదవీ విరమణతోనూ మరణంతోనూ ముగియదు. ఆయన నేర్పింది ఎందరి చేతుల్లోకి వెళ్తే అంతదాకా సాగుతుంది.