పనిముట్టు – పనితనం

ప్రక్రియ : వ్యాసం

పాఠ్యభాగ ఉద్దేశం

చేతివృత్తులలో రాణించడానికి శ్రమ ఒక్కటే చాలదు. చేయదలచిన పనికి తగిన పనిముట్టును ఎన్నుకొనే వివేకం కూడా కావాలి. కర్రను గుండ్రంగా మలచే తరిమెనను, దానికి కావలసిన ఉపకరణాలను ఆధారంగా చేసుకొని ఆ వివేకాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ముఖ్యోద్దేశం.

పాఠ్యభాగం

తెలుగువారి ఇళ్ళలో లక్కపిడతలతో ఆడుకోని బాల్యం ఒకనాడు అరుదు. చిన్నారి కుండలు, బుల్లి తిరగలి, రంగురంగుల బొంగరం, మూత ఉన్న కుంకుమ భరిణె – ఇవన్నీ కర్రతో చేసినవే అయినా వాటి మీద ఎక్కడా మూల కనిపించదు, గరుకు తగలదు. పట్టెమంచపు కోళ్ళు, ఊయలబల్ల గొలుసుల నడుమ కనిపించే నగిషీ కర్రలు, వంటింటి అప్పడాల కర్ర కూడా ఈ కోవకు చెందినవే. వీటన్నిటికీ పుట్టినిల్లు ఒకటే. అది తరిమెన. కర్రను గిరగిర తిప్పుతూ ఉలితో చెక్కే సాధనానికి తెలుగు నిఘంటువులు ఇచ్చిన పేరు ఇది. నేటి పనివారు దీనినే లేతు మిషను అంటున్నారు.

తరిమెన చరిత్ర చాలా పాతది. క్రీస్తు పూర్వం నాలుగవ శతాబ్దం చివరి నాటి ఈజిప్టు సమాధి ఒకదానిలో, ఒకరు తాడు లాగుతుండగా మరొకరు ఉలి పట్టిన దృశ్యం చెక్కబడి ఉంది. తాడుతో తిప్పే తరిమెన ఒకసారి ముందుకు, ఒకసారి వెనుకకు తిరుగుతుంది. ముందుకు తిరిగినప్పుడు మాత్రమే ఉలి తెగుతుంది. సగం కాలం శ్రమ ఫలించదు. విద్యుత్తుతో నడిచే తరిమెన మీద కర్ర ఒకే దిశలో ఎడతెగకుండా తిరుగుతుంది. పనిలో వేగం పెరిగింది, దానితోపాటు ప్రమాదావకాశం కూడా పెరిగింది. అందువల్లనే నేటి పనివానికి పరికరాల ఎంపిక పూర్వంకంటె ముఖ్యమైనది.

ఆంధ్రప్రదేశ్‌లో తరిమెన పనికి పేరెన్నికగన్న గ్రామం ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున ఉన్న ఈ గ్రామం పూర్వం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో ప్రస్తుతం ఉంది. ఇక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సహజమైన రంగులతో ఈ కళకు పునర్జీవం పోసిన సి.వి.రాజు 2023లో పద్మశ్రీ పురస్కారం అందుకొన్నారు. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో, చేతి చెక్కుడుతో తయారవుతుంది. ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్రతో, తరిమెన మీద తయారవుతుంది. రెండూ బొమ్మలే. కాని కర్ర వేరు, పనిముట్టు వేరు, పనితీరు వేరు. పనిని బట్టి పనిముట్టు అనే సూత్రం ఇక్కడే బోధపడుతుంది.

స్వయం ఉపాధి కోసం తరిమెన కొనదలచిన యువకుని ఊహించుకొందాం. అప్పు చేసి తెచ్చిన సొమ్ము అంతటినీ అతడు పెద్ద యంత్రం మీద వెచ్చించాడనుకొందాం. యంత్రం ఇంటికి వస్తుంది. కాని కర్రను పట్టే చక్ లేదు, ఉలికి పదును పెట్టే సానరాయి లేదు, కంటికి రక్షణ లేదు. అటువంటి యంత్రం తాళంచెవి లేని పెట్టె వంటిది. యంత్రం ధర ఎంతో తెలుసుకోవడంతోపాటు, దాని వెంట రావలసిన పరికరాల ధర ఎంతో ముందే లెక్క వేసుకోవడం వివేకవంతుని లక్షణం.

మొదట తెలుసుకోదగినది కొలత. కర్రను తిప్పే ఇరుసు మధ్యభాగం నుండి కింది ఇనుప బల్ల వరకు ఉన్న ఎత్తుకు రెట్టింపు వ్యాసం గల దిమ్మె మాత్రమే ఆ తరిమెన మీద తిరుగుతుంది. ఆ ఎత్తు 150 మిల్లీమీటర్లయితే 300 మిల్లీమీటర్లకు మించిన పళ్ళెం దాని మీద తయారు కాదు. రెండు కొనల మధ్య దూరాన్ని బట్టి మంచపు కోడు పొడవు నిర్ణయమవుతుంది. బొంగరాలు, భరిణెలు చేసేవారికి చిన్న తరిమెన చాలు. మంచపు కోళ్ళు చేసేవారికి పొడవైనది తప్పదు.

రెండవది పట్టు. పొడవైన కర్రను రెండు కొనల మధ్య బిగిస్తారు. ఒక కొన దానిని తిప్పుతుంది, రెండవ కొన ఆధారంగా నిలుస్తుంది. ఆధారపు కొన కదలకుండా నిలిచేదయితే రాపిడికి కర్ర వేడెక్కి మాడుతుంది. కర్రతోపాటు తిరిగే కొనను ఎన్నుకొంటే ఆ బాధ ఉండదు. గిన్నె, భరిణె వంటి వాటికి లోపలి భాగం తొలచాలి కనుక ఒక చివర ఖాళీగా ఉండాలి. అటువంటి పనికి నాలుగు దవడలు ఒక్కసారిగా దగ్గరకు వచ్చి బిగించే చక్ శ్రేష్ఠం. వెడల్పయిన పళ్ళేలకు మరమేకులతో బిగించే ఇనుప పలక, అనగా ఫేస్‌ప్లేట్, ఉపయోగిస్తారు.

చక్ కొనేటప్పుడు చాలామంది పొరబడే చోటు ఒకటుంది. చక్‌లోని మర, ఇరుసు మీది మర ఒకే కొలతలో ఉండాలి. 33 మిల్లీమీటర్ల మర గల ఇరుసుకు అంగుళం మర గల చక్ ఎంత ఖరీదైనదయినా పనికిరాదు. అదేవిధంగా కొనలను దూర్చే ఏటవాలు రంధ్రానికి మోర్స్ టేపర్ అనే కొలత ఉంది. దానికి ఒకటవ నెంబరు, రెండవ నెంబరు వంటి సంఖ్యలున్నాయి. కాబట్టి తరిమెన కొలతలు కాగితం మీద రాసుకొని అంగడికి వెళ్ళడం మేలు.

మూడవది ఉలి. అంగడిలో పది ఉలుల పెట్టెను చూడగానే కొత్తవారి మనసు దానిమీదికి పోతుంది. నిజానికి ఆరంభంలో నాలుగయిదు ఉలులు చాలు. పలకల కర్రను గుండ్రంగా చేయడానికి దోనె వలె వెడల్పయిన నోరు గల రఫింగ్ గౌజ్ కావాలి. పల్లాలు, మెట్టలు తీర్చడానికి సన్నని గౌజ్ ఒకటి కావాలి. నునుపు తేల్చడానికి ఏటవాలు వాదర గల స్క్యూ కావాలి. తయారైన వస్తువును కోసి వేరు చేయడానికి పార్టింగ్ టూల్ కావాలి. భరిణె లోపలి భాగాన్ని గీకి చదును చేయడానికి స్క్రేపర్ కావాలి. మూత సరిగా అమరాలంటే లోపలి, వెలుపలి కొలతలు తీసే కాలిపర్ తోడు ఉండాలి.

ఏ ఉలి ఏ పనికో తెలియకపోతే ప్రాణానికే ముప్పు రావచ్చు. రఫింగ్ గౌజ్ కొనల మధ్య బిగించిన పొడవైన కర్రకు ఉద్దేశించినది. పిడిలోకి దిగే దాని తోక సన్నగా ఉంటుంది. నార అడ్డంగా ఉండే గిన్నె దిమ్మె మీద దానిని ఆన్చితే నార ఒక్కసారిగా ఉలిని లాగివేస్తుంది. ఆ తాకిడికి తోక విరిగి, ఉక్కు ముక్క పనివాని మీదికి ఎగిరి రావచ్చు. గిన్నెల కోసం మందమైన గుండ్రని ఉక్కు కడ్డీతో చేసిన గౌజ్ వేరుగా ఉంది. చూడడానికి రెండూ ఒకే జాతివి. వాటి ధర్మాలు మాత్రం వేరు.

నాలుగవది పదును. మొద్దుబారిన ఉలి కర్రను కోయదు, చీలుస్తుంది. పనివాడు బలం ఉపయోగిస్తాడు, బలం ఉపయోగించిన చోట ఉలి జారుతుంది. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మనకు ఉన్నది. తరిమెన దగ్గర మాత్రం మద్దెల నిజంగానే ఓడై ఉండవచ్చు. లోపం చేతిదో, వాదరదో తెలుసుకోవాలంటే మొదట ఉలికి పదును పెట్టి చూడాలి. కార్బన్ ఉక్కు ఉలి సానరాయి మీద వేడెక్కి నీలిరంగుకు తిరిగితే దాని బిరుసు పోతుంది. హైస్పీడ్ ఉక్కు ఆ వేడికి తట్టుకొంటుంది. అందుచేత దాని ధర ఎక్కువైనా ఎక్కువ కాలం మన్నుతుంది. ప్రతిసారీ ఒకే కోణంలో పదును రావడానికి ఉలిని పట్టి ఉంచే జిగ్ సహాయపడుతుంది. పదవ ఉలి కొనడానికి ముందు మొదటి ఉలికి పదును పెట్టే సాధనం కొనాలి.

ఐదవది వేగం. నిమిషానికి 1500 చుట్లు తిరిగే 50 మిల్లీమీటర్ల బొంగరం అంచు గంటకు సుమారు 14 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. అదే వేగంలో 300 మిల్లీమీటర్ల దిమ్మె అంచు గంటకు సుమారు 85 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. పగులు గాని, ముడి గాని ఉన్న దిమ్మె ఆ వేగంలో ఊడితే కలిగే అనర్థం చెప్పనలవి కాదు. అంగుళాలలో వ్యాసాన్ని చుట్ల సంఖ్యతో గుణిస్తే 6000 నుండి 9000 లోపల ఉండాలని అనుభవజ్ఞులు ఒక లెక్క చెబుతారు. ఆ లెక్క ప్రకారం 10 అంగుళాల దిమ్మెకు 600 నుండి 900 చుట్లు చాలు. అదీ దిమ్మె గుండ్రంగా, తూకంగా తయారైన తరువాతనే. మొదట ఇంకా తక్కువ వేగంతో ఆరంభించాలి. కనుక వేగాన్ని తగ్గించి పెంచే సదుపాయం గల తరిమెనను ఎన్నుకోవడం మంచిది.

ఆరవది రక్షణ. ముఖమంతటినీ కప్పే కవచం, ముక్కుకు ధూళి వడపోసే మాస్కు ఖర్చు కింద లెక్కించరానివి. కర్ర ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే నిర్ధారించింది. వదులు చొక్కా చేతులు, చున్నీ, పమిట, గాజులు, చేతి తొడుగులు తిరిగే కర్ర దగ్గర శత్రువులు. చక్ బిగించిన తాళంచెవిని తీయడం మరచి మీట నొక్కితే అది బాణం వలె ఎగురుతుంది. ఉలిని ఆన్చే టూల్ రెస్ట్‌ను కర్రకు దగ్గరగా జరిపి, మీట నొక్కక ముందే కర్రను చేతితో ఒకసారి తిప్పి చూడాలి. ఆ ఒక్క చుట్టుకు పట్టే కాలం రెండు క్షణాలు. పోయిన కంటిచూపు జన్మంతా తిరిగి రాదు.

ఇన్ని ఉపకరణాల తరువాత చివరి మెరుగు దగ్గరకు వస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఏటికొప్పాక పనివారు తిరిగే బొమ్మకు రంగు లక్క కడ్డీని ఆన్చుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకొంటుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు వంటి ప్రకృతి వస్తువుల నుండి ఆ రంగులు తీస్తారు. పసిపిల్లలు బొమ్మను నోట పెట్టుకొంటారు. కాబట్టి రంగు ఎంపిక అందానికి మాత్రమే సంబంధించినది కాదు, తల్లిదండ్రుల నమ్మకానికి సంబంధించినది. లక్క అంటిన పిమ్మట మొగలి ఆకుతో ఒత్తి తిప్పితే బొమ్మ అద్దం వలె మెరుస్తుంది. వేల రూపాయల చక్ ఎంత అవసరమో, ఏటి ఒడ్డున దొరికే ఆ ఆకు కూడా అంతే అవసరం. పనిముట్టు గొప్పతనం దాని వెలలో లేదు, అది పనికి ఒదగడంలో ఉన్నది.

అంకుడు కర్ర తెల్లనిది, మెత్తనిది, సన్నని నార గలది. అది అడవి ఇచ్చిన సంపద. పదును లేని ఉలితో చెడగొట్టిన ప్రతి దిమ్మె ఆ సంపదకు నష్టమే. తగిన పనిముట్టును ఎన్నుకొన్నవాడు తన చేతిని, తన సొమ్మును, అడవిలోని చెట్టును కూడా కాపాడినవాడవుతాడు. పనితనం చేతిలో ఉంటుంది. ఆ చేయి ఏ పనిముట్టు పట్టుకోవాలో చెప్పేది వివేకం.

కఠిన పదాలకు అర్థాలు

తరిమెన = కర్రను తిప్పుతూ చెక్కే సాధనం
వాదర = ఆయుధం అంచు, పదునైన అంచు
నగిషీ = చెక్కడపు పని
భరిణె = మూత గల చిన్న పెట్టె
పేరెన్నికగన్న = ప్రసిద్ధి పొందిన
మర = చుట్టుగా కోసిన గాడి
ఓడు = పగిలినది, చెడినది
అనర్థం = కీడు

ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. తరిమెన కొనదలచినవారు గమనించవలసిన అంశాలను వివరించండి.
2. “పనిని బట్టి పనిముట్టు” అనే సూత్రాన్ని పాఠ్యాంశం ఆధారంగా సమర్థించండి.

II. క్రింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు రాయండి.
1. ఏటికొప్పాక బొమ్మకు, కొండపల్లి బొమ్మకు గల భేదం ఏమిటి?
2. రఫింగ్ గౌజ్‌ను గిన్నె దిమ్మె మీద ఎందుకు ఉపయోగించరాదు?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఏటికొప్పాక ఏ నది ఒడ్డున ఉన్నది?
2. లక్కబొమ్మకు చివరి మెరుగు దేనితో పెడతారు?
3. నీలిరంగుకు తిరిగితే ఏ ఉక్కు బిరుసు పోతుంది?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. అటువంటి యంత్రం తాళంచెవి లేని పెట్టె వంటిది.
2. పోయిన కంటిచూపు జన్మంతా తిరిగి రాదు.

V. భాషాంశాలు
సంధులు : ముఖ్యోద్దేశం = ముఖ్య + ఉద్దేశం – గుణసంధి
ప్రమాదావకాశం = ప్రమాద + అవకాశం – సవర్ణదీర్ఘసంధి
సమాసాలు : నాలుగు దవడలు = నాలుగైన దవడలు – ద్విగు సమాసం
తల్లిదండ్రులు = తల్లియును తండ్రియును – ద్వంద్వ సమాసం
కంటిచూపు = కంటి యొక్క చూపు – షష్ఠీ తత్పురుష సమాసం

VI. మీ ఊరిలోని ఒక చేతివృత్తి పనివారిని కలిసి, వారు ఉపయోగించే పనిముట్ల పేర్లు, వాటి ప్రయోజనాలు పట్టికగా రాయండి.