ఇంటి సర్వర్: చవక డిస్కులతో నమ్మకమైన నిల్వ ఎలా?

2022 నవంబర్ 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లు ఉన్నట్టుండి మొరాయించాయి. రాన్సమ్‌వేర్ అనే హానికర సాఫ్ట్‌వేర్ వాటిలోని సమాచారానికి తాళం వేసింది. చాలా రోజుల పాటు ఓపీ చీటీలు, రోగుల చేరికలు చేతిరాతతోనే నడిచాయి. ఐదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల సమాచారం ఇలా చిక్కుకుందని కేంద్ర ప్రభుత్వం తరువాత పార్లమెంటుకు తెలిపింది. దాడి సోకని బ్యాకప్ సర్వర్ ఒకటి మిగిలి ఉండడంతో ఈ-హాస్పిటల్ సమాచారాన్ని తిరిగి రాబట్టగలిగారు.

1.3 టెరాబైట్లు అంటే ఇవాళ ఒక మామూలు హార్డ్ డిస్కులో పట్టే సమాచారం. పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, దస్తావేజుల స్కాన్లు కలిపితే చాలా కుటుంబాల దగ్గర అంత సమాచారం పోగవుతోంది. దాన్ని ఇంట్లోనే దాచుకోవడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. పాత డెస్క్‌టాప్, రెండు డిస్కులు, ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. అయితే ఆ నిల్వ ఎంత నమ్మకమైనది అన్నది డిస్కు ధర మీద కాక, నకళ్లు ఒకదానికొకటి ఎంత దూరంగా, ఎంత వేరుగా ఉన్నాయన్న దాని మీద ఆధారపడుతుంది.

డిస్కు ఎందుకు పాడవుతుంది?

హార్డ్ డిస్కులో అద్దంలా నున్నటి పళ్లేలు నిమిషానికి వేల సార్లు తిరుగుతుంటాయి. సమాచారాన్ని చదివే హెడ్ ఆ పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. ఇంత సున్నితమైన యంత్రం ఎప్పుడో ఒకప్పుడు చెడిపోక తప్పదు. పెద్ద డేటా కేంద్రాల అనుభవంలో ఏటా నూటికి ఒకటి రెండు డిస్కులు పాడవుతుంటాయి.

ముందే పసిగట్టే మార్గం కొంతవరకు ఉంది. డిస్కులు తమ ఆరోగ్య వివరాలను స్మార్ట్ అనే వ్యవస్థ ద్వారా నమోదు చేసుకుంటాయి. లక్షకు పైగా డిస్కులను పరిశీలించి గూగుల్ ఇంజనీర్లు 2007లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. మొదటి స్కాన్ దోషం కనిపించిన డిస్కు 60 రోజుల్లోగా పాడయ్యే అవకాశం, దోషం లేని డిస్కుతో పోలిస్తే 39 రెట్లు ఎక్కువని అందులో తేలింది. మరోవైపు, పాడైన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన నాలుగు హెచ్చరికల్లో ఒక్కటీ చూపలేదు. హెచ్చరిక వస్తే డిస్కు మార్చాల్సిందే. రాకపోయినా క్షేమమని అనుకోవడానికి లేదు.

రెండు డిస్కుల లెక్క

ఒక్క ఖరీదైన డిస్కును నమ్ముకునే బదులు చవక డిస్కులను కలిపి వాడుకోవచ్చన్న ఆలోచనను 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ పరిశోధకులు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ప్రతిపాదించారు. అదే రెయిడ్. ఇందులో ఇంటికి సరిపోయే తేలిక పద్ధతి మిర్రరింగ్. రాసే ప్రతి ఫైలూ రెండు డిస్కుల్లోనూ పడుతుంది. ఒకటి పోతే రెండోదాని నుంచి కొత్త డిస్కులోకి ఎక్కించుకోవచ్చు.

ఏడాదిలో ఒక డిస్కు పాడయ్యే అవకాశం 1.5 శాతం అనుకుందాం. రెండూ ఒకే ఏడాదిలో పోయే అవకాశం 0.015ను 0.015తో గుణిస్తే వస్తుంది. అంటే పదివేల ఇళ్లలో సుమారు రెండిళ్లకే ఆ గతి పడుతుంది. కానీ ఈ లెక్క వెనుక ఒక షరతు ఉంది. ఒక డిస్కు పాడవడానికీ రెండోది పాడవడానికీ సంబంధం ఉండకూడదు.

ఒకే పెట్టెలో ఉన్న రెండు డిస్కుల విషయంలో ఆ షరతు నిలవదు. వాటికి కరెంటు ఒకటే, వేడి ఒకటే, గది ఒకటే. 2023 జూలై 13న ఢిల్లీ పాత రైల్వే వంతెన దగ్గర యమున 208.66 మీటర్ల రికార్డు స్థాయికి చేరి లోతట్టు ప్రాంతాలు మునిగాయి. అలాంటి నీరు ఇంట్లోకి వస్తే రెండు డిస్కులూ ఒకేసారి తడుస్తాయి. దొంగ పెట్టెనే ఎత్తుకుపోతాడు. పొరపాటున చెరిపిన ఫైలు అదే క్షణంలో రెండు చోట్లా చెరిగిపోతుంది. రాన్సమ్‌వేర్ వేసే తాళమూ రెండింటికీ పడుతుంది. అందుకే నిపుణులు రెయిడ్ బ్యాకప్ కాదని పదే పదే చెబుతారు.

నెహ్రూ ప్లేస్‌లో ఏం చూసుకోవాలి?

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్ కార్యాలయాలు వాడి తీసేసిన డెస్క్‌టాప్‌లు నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ బజారులో మరమ్మతు చేసి అమ్ముతారు. సర్వర్‌కు 8 గిగాబైట్ల మెమొరీ, రెండు 3.5 అంగుళాల డిస్కులకు చోటు, వాటికి సరిపడా సాటా పోర్టులు ఉంటే చాలు. పెట్టె పాతదైనా ఫరవాలేదు గానీ డిస్కులు కొత్తవైతే మంచిది. పాతవి కొనక తప్పకపోతే ఎన్ని గంటలు నడిచాయో స్మార్ట్ వివరాల్లో చూసుకోవాలి.

డిస్కుల్లో ఎస్ఎంఆర్, సీఎంఆర్ అని రెండు రకాలున్నాయి. ఎస్ఎంఆర్‌లో సమాచార వరుసలు పెంకుటింటి పెంకుల్లా ఒకదానిపై ఒకటి కొంత కమ్ముకుని ఉంటాయి. నడుమ ఒక పెంకు మార్చాలంటే పక్కవి కూడా కదిలించాలి. డిస్కు పోయి కొత్తదానిలోకి అంతా తిరిగి రాసేటప్పుడు ఇది బాగా ఆలస్యం చేస్తుంది. కాబట్టి సర్వర్‌కు సీఎంఆర్ డిస్కులే తగినవి.

సర్వర్ రాత్రింబవళ్లు నడుస్తుంది కనుక కరెంటు ఖర్చు కూడా చూసుకోవాలి. 80 వాట్ల పాత యంత్రం నెలకు దాదాపు 58 యూనిట్లు, 25 వాట్ల యంత్రం 18 యూనిట్లు తాగుతాయి. ఢిల్లీలో 2019 నుంచి నెలకు 200 యూనిట్ల వరకు గృహ విద్యుత్‌పై పూర్తి రాయితీ అమలైంది. 170 యూనిట్లు వాడే ఇంట్లో మొదటి యంత్రం ఆ గీత దాటిస్తుంది, రెండోది దాటించదు.

వేసవిలో 45 డిగ్రీలు తాకే నగరంలో గాలి ఆడని అలమరలో సర్వర్ పెట్టడం మంచిది కాదు. చాలా డిస్కులకు తయారీదారులు చెప్పే గరిష్ఠ పరిమితి సుమారు 60 డిగ్రీలు. ఫ్యాన్ దుమ్మును తరచూ దులపాలి. చిన్న యూపీఎస్ కూడా అవసరమే. కరెంటు పోయినప్పుడు అది యూఎస్‌బీ తీగ ద్వారా సర్వర్‌కు కబురు పంపుతుంది. రాస్తున్న ఫైలు మధ్యలో తెగిపోకుండా సర్వర్ పద్ధతిగా ఆగిపోతుంది.

కనిపించని తప్పులకు కాపలా

కొన్నిసార్లు డిస్కు బాగానే పనిచేస్తూ తప్పుడు సమాచారం ఇస్తుంది. మామూలు మిర్రరింగ్‌లో రెండు నకళ్లూ తేడాగా ఉంటే ఏది నిజమో తేలదు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో రూపుదిద్దుకుని 2005లో బయటకు వచ్చిన జెడ్ఎఫ్ఎస్ దీనికి జవాబు చూపింది. ఇది ప్రతి సమాచార ముక్కకూ చెక్‌సమ్ అనే చిన్న గుర్తు సంఖ్యను లెక్కగట్టి విడిగా దాస్తుంది. చదివేటప్పుడు ఆ సంఖ్య సరిపోకపోతే రెండో డిస్కులోని మంచి నకలుతో దిద్దుతుంది. నెలకోసారి స్క్రబ్ నడిపితే ఎవరూ తెరవని ఫైళ్లనూ తనిఖీ చేస్తుంది. స్నాప్‌షాట్ సౌకర్యంతో నిన్నటి స్థితిని తిరిగి తెచ్చుకోవచ్చు. ఉచితంగా దొరికే ట్రూనాస్‌లో ఇవన్నీ ఉన్నాయి.

మూడో నకలు ఊళ్లో

మూడు నకళ్లు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట. దీన్నే 3-2-1 సూత్రం అంటారు. ఢిల్లీలో ఉండే తెలుగు కుటుంబానికి ఆ వేరే చోటు విజయవాడలోనో వరంగల్‌లోనో అమ్మానాన్నల ఇల్లు కావచ్చు. సెకనుకు 20 మెగాబిట్ల వేగంతో ఒక టెరాబైట్ పంపడానికి నాలుగున్నర రోజులకు పైగా పడుతుంది. అందుకే మొదటి నకలును పోర్టబుల్ డిస్కులో ఎక్కించి పండగకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లడం నయం. ఆ తరువాత మారిన ఫైళ్లు మాత్రమే ఇంటర్నెట్‌లో పంపుకోవచ్చు. నకలుకు సంకేతపదం పెట్టాలి. ఆ పదాన్ని ఇంట్లో ఇంకొకరికీ చెప్పి ఉంచాలి.

చివరిగా ఒక పరీక్ష మిగిలి ఉంది. ఏడాదికి రెండుసార్లయినా ఆ మూడో నకలు నుంచి కొన్ని ఫైళ్లను వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. ఎయిమ్స్‌ను గట్టెక్కించినది బ్యాకప్ ఉండడం ఒక్కటే కాదు, దాడి దానిదాకా చేరకపోవడం, అవసరమైన రోజున అందులోని సమాచారం తిరిగి రావడం. ఇంటి సర్వర్‌కూ ఇదే కొలమానం.